పది రూపాయలకైనా పొట్లం కట్టే కొట్టు

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే పక్కన పెద్ద దుకాణాల బోర్డులు వెలుగుతున్నాయి. అయినా కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం చాలామంది నిలబడేది వీధి మలుపులో ఉన్న కిరాణా కొట్టు ముందే. ఎందుకో తెలియాలంటే ఆ కాటా దగ్గర కాసేపు మనమూ నిలబడాలి.

మిరప కోతల కాలంలో పొద్దు వాలేసరికి ఊరి సెంటర్లకు ఆటోలు బరువుగా వస్తాయి. ఒక్కో ఆటోలోంచి పదేసి మంది ఆడవాళ్ళు దిగుతారు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దులుపుకుంటారు. మిరప ఘాటుకు మండే చేతులు కొంగుకు తుడుచుకుంటారు. ఇంటికి వెళ్ళే ముందు కొట్టు దగ్గర ఆగుతారు.

"బాబాయ్, వంద కందిపప్పు. పదికి చింతపండు. ఐదుకి జీలకర్ర. ఒక పావు పంచదార."

చేతిలో చీటీ ఉండదు. వంటింట్లో ఏ డబ్బా అడుగంటిందో మనసులోనే ఉంటుంది. కొట్టు ఆయన తలెత్తకుండా వింటాడు. గోతంలోంచి పప్పు తీసి కాటా గిన్నెలో పోస్తాడు, ముల్లు నిలిచేదాకా ఆగుతాడు, కాగితం చుట్టి పొట్లం కడతాడు, దారం రెండు చుట్లు తిప్పి పుటుక్కున తెంపుతాడు. ఐదు నిమిషాల్లో ఒక ఇంటి రాత్రి వంట సంచిలోకి చేరుతుంది.

ఆ సంచిలో ఉన్నది ఒకటి రెండు పూటల సరుకే. గమనించాల్సింది అదే. కిలో కందిపప్పు 120 రూపాయలు అనుకుందాం. నెల జీతం వచ్చే ఇంట్లో రెండు కిలోలు ఒకేసారి తెచ్చి డబ్బాలో పోస్తారు. రోజు కూలి మీద నడిచే ఇంట్లో ఆ 120 రూపాయలూ పప్పుకే పెడితే నూనెకూ, కూరకూ, పిల్లాడి పెన్సిలుకూ ఏమీ మిగలదు. ఆ ఇంటికి ఇవాళ కావలసింది 12 రూపాయల పప్పు. దాన్ని మొహం చిట్లించకుండా తూచి ఇచ్చే కొట్టే ఆ ఇంటికి చౌక కొట్టు. కొనేవాళ్ళ చేతిలో ఉన్న డబ్బుకు తగ్గట్టు సరుకును కొలిచి ఇవ్వడం ఒక సేవ. ఈ మెట్ట ఊళ్ళలో ఆ సేవకు పెద్ద చరిత్రే ఉంది.

హద్దు మీద వెలిసిన బజారు

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 50 కిలోమీటర్లకు నందిగామ వస్తుంది. మరో 30 కిలోమీటర్లు వెళితే జగ్గయ్యపేట. పాత కృష్ణా జిల్లాకు ఇది పడమటి మెట్ట. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక రెండు ఊళ్ళూ అందులోకి వెళ్ళాయి. అయినా ఊరేదని అడిగితే పెద్దవాళ్ళు కృష్ణా జిల్లా అనే అంటారు.

జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. రెండు శతాబ్దాల కిందట అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరుతో ఇక్కడ పేట కట్టించాడు. పేట అంటేనే బజారు. వర్తకులొచ్చి స్థిరపడితేనే ఊరు పేట అవుతుంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఊరి పక్క గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉండేది. 1880లలో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన ఆ స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనం దొరికింది. స్తూపం ముందుండే ఆయక స్తంభాలు నిలబెట్టించినవాడు సిద్ధార్థుడనే శిల్పి అని ఆ శాసనం చెబుతుంది. చేతిపనితో బతికిన మనిషి చేసిన దానం అది. ఈ ఊరి చరిత్ర మొదటి పేజీల్లోనే ఒక పనివాడి పేరు ఉందన్నమాట.

పేట వెలిశాక చాలాకాలం ఈ చోటు రెండు పాలనల సరిహద్దు. అటు నిజాం రాజ్యం, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. అటు చెల్లేది హాలీ సిక్కా, ఇటు చెల్లేది కల్దారు రూపాయి. సరుకు హద్దు దాటితే నిజాం వైపు కరోడ్‌గిరీ వాళ్ళు సుంకం వసూలు చేసేవాళ్ళు. నందిగామ తాలూకాలో భాగమైన మునగాల పరగణా నిజాం ఊళ్ళ మధ్య ఒంటరి లంకలా ఉండేది. 1959లో గానీ అది నల్గొండ జిల్లాలో కలవలేదు. ఇలాంటి చోట గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడికి రెండు నాణేల మారకం వేళ్ళ మీద ఉండాల్సిందే.

1956 నవంబర్ 1న ఆ హద్దు చెరిగిపోయింది. 2014 జూన్ 2న రాష్ట్రాల హద్దుగా మళ్ళీ వచ్చింది. గరికపాడు చెక్‌పోస్టు దాటగానే తెలంగాణ, కాస్త ముందుకెళితే కోదాడ. గీత చెరిగినా, మళ్ళీ పడినా రెండు వైపుల చుట్టరికాలూ బేరాలూ అలాగే సాగుతున్నాయి.

పంచదారకు నాలుగు పేర్లు

ఈ ఊళ్ళలో ఎంతమంది ఎన్ని చోట్ల నుంచి వచ్చి ఉంటున్నారో కొట్టు ముందు వినబడే మాటల్లోనే తెలుస్తుంది. కృష్ణా వైపు వాళ్ళకు పంచదార. కోదాడ వైపు నుంచి వచ్చినవాళ్ళకు చక్కెర. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో శక్కర్. ఉత్తరాది కుర్రాళ్ళకు చీనీ. ఒకరు వేరుశనగ గుళ్ళంటే ఇంకొకరు పల్లీలంటారు. ఒకరు అరువంటే ఇంకొకరు ఉద్దెరంటారు. ఎవరు ఏ పేరుతో అడిగినా కొట్టు ఆయన చెయ్యి సరైన డబ్బా మీదికే వెళుతుంది. బడిలో నేర్చుకోని భాషలు కాటా దగ్గర వచ్చేస్తాయి.

ఈ మెట్ట కింద సున్నపురాయి ఉంది. అందుకే జగ్గయ్యపేట పక్కన జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఫ్యాక్టరీతో పాటు పని వస్తుంది, పనితో పాటు దూర రాష్ట్రాల మనుషులొస్తారు. పది మంది కలిసి ఒక గది అద్దెకు తీసుకుంటారు, వంతులేసుకుని వండుకుంటారు. వాళ్ళు గోధుమపిండి అడుగుతారు, ఆవనూనె అడుగుతారు. ఇవాళ లేదని చెప్పిన కొట్టు ఆయన వచ్చే వారం సరుకులో నాలుగు సీసాలు వేయించుకొస్తాడు. ఎవరో తనను అడిగారని తెప్పించి పెట్టడం అమ్మకమే కావచ్చు. ఊరుగాని ఊళ్ళో ఉన్న కుర్రాడికి మాత్రం అది ఆదరణే.

పండుగలు కూడా ముందు కొట్టులోకే వస్తాయి. సంక్రాంతి దగ్గర పడితే నువ్వులూ బెల్లం బయటి వరసలోకి జరుగుతాయి. రంజాన్ నెలలో ఖర్జూరాలు, సేమియా. క్రిస్మస్ ముందు మైదా, డాల్డా. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు బండ్లు కదిలే రోజుల్లో పొంగళ్ళకు బియ్యం, పెసరపప్పు, బెల్లం, పసుపు కుంకుమలు. ఒకే అరలో ఒకదాని తర్వాత ఒకటి ఇన్ని పండుగలు చోటు చేసుకుంటాయి.

పంట చేతికొచ్చే దాకా

డెల్టాలో కాలువ నీళ్ళ కింద వరి పండించే ఊళ్ళ లెక్క వేరు, ఇక్కడి లెక్క వేరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి వచ్చేసరికి ఈ భూములు చివరి ఆయకట్టు అవుతాయి. నీళ్ళు అందిన ఏడు ఒక తీరు, అందని ఏడు ఇంకో తీరు. పత్తి, మిరప, కంది, మొక్కజొన్న, మామిడి. పత్తి తీతలు నవంబర్ నుంచి ఊపందుకుంటాయి. మిర్చి జనవరి తర్వాత. బస్తాలు గుంటూరు యార్డుకు వెళ్ళి, అమ్ముడై, పట్టీ చేతికొచ్చాకే రైతు ఇంట్లో డబ్బు కనబడేది. అంటే డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఆకలి రోజుకు మూడుసార్లు. ఈ రెంటినీ కలిపి ఉంచేది కొట్టు ఖాతా పుస్తకం.

మా నాయనమ్మది నందిగామ దగ్గర పల్లెటూరు. వానాకాలంలో ఆమె నన్ను కొట్టుకు పంపేటప్పుడు డబ్బులిచ్చేది కాదు, సంచి మాత్రం ఇచ్చేది. "పద్దు రాసుకోమను" అనేది. కొట్టు ఆయన పొడుగాటి పుస్తకం తెరిచి మా ఇంటి పేజీలో తేదీ వేసి, సరుకు పేరూ ధరా రాసేవాడు. మిర్చి పట్టీ వచ్చిన రోజు మా తాతయ్య వెళ్ళి బాకీ కట్టేవాడు. అప్పుడాయన పేజీకి అడ్డంగా ఒక కొస నుంచి ఇంకో కొస దాకా గీత గీసేవాడు. గీత గీసి, పక్కనున్న నా చేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టేవాడు. ఆ గీతను చూసినప్పుడు తాతయ్య భుజాలు కిందికి దిగడం నాకిప్పటికీ గుర్తు.

ఒక ఏడు వేరే కొట్టులో మా పేజీలో మేము తేని సరుకు రెండు చోట్ల కనబడింది. పొరపాటో మరొకటో తేలలేదు. నాయనమ్మ గొడవ పెట్టుకోలేదు. మర్నాటి నుంచి మా ఇంట్లోనూ ఒక పుస్తకం పెట్టింది. ఆమెకు చదువు రాదు. సంచి ఇంటికి రాగానే నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్క పొట్లం చూపించి రాయించేది. నెలకోసారి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి సరిచూసేవాళ్ళం. ఆ తర్వాత ఎప్పుడూ తేడా రాలేదు. నేను కూడికలు నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే.

ఖాతా గురించి మాట్లాడేటప్పుడు రెండు వైపులా చూడాలి. బాకీ ఉన్న ఇల్లు వేరే కొట్టుకు వెళ్ళలేదు. నగదుకు దొరికే ధర అరువుకు దొరకని చోట్లూ ఉన్నాయి. పంట పోయిన ఏడు పేజీ నిండి, కొత్త పేజీకి బాకీ మోసుకుపోతుంది. ఇంకోవైపు కొట్టు ఆయనకూ పైన బాకీలుంటాయి. విజయవాడ పక్కన గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సులో తెచ్చుకున్న సరుకుకు గడువులోగా డబ్బు కట్టాలి. ఊళ్ళో నలభై ఇళ్ళ బాకీ ఆగితే ఆయన గడువూ ఆగుతుంది. బ్యాంకు హామీ అడుగుతుంది, కాగితాలడుగుతుంది. కొట్టు ఆయన మనిషిని చూసి ఇస్తాడు. మనిషిని చూసి ఇచ్చిన అప్పు మునిగితే ఆయనకు దిక్కైన కోర్టు లేదు, వీధి నోటిమాట తప్ప.

వీశె నుంచి కిలో దాకా

కొట్టుకు ప్రాణం తూకం. మన తాతల కాలంలో గింజలను కొలిచేవాళ్ళు, తక్కినవాటిని తూచేవాళ్ళు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. తూకంలో మూడు తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. వీశె అంటే ఇప్పటి లెక్కలో సుమారు 1400 గ్రాములు. వీశెలో అయిదో వంతు సేరు, అంటే సుమారు 280 గ్రాములు. ఊరు మారితే కొలత కొంత మారేది. హద్దు దాటితే ఇంకా మారేది. మారిన ప్రతిచోటా నష్టపోయేది లెక్క తెలియని మనిషే.

1957 ఏప్రిల్ 1న అణాల రూపాయి పోయి నయాపైసల రూపాయి వచ్చింది. 1958 అక్టోబర్ నుంచి దశలవారీగా కిలోలూ గ్రాములూ వచ్చాయి. దేశమంతా ఒకే కిలో అన్నది మనకిప్పుడు గాలిలా మామూలైపోయింది. పేదవాడికి దక్కిన పెద్ద న్యాయాల్లో అదొకటి. జగ్గయ్యపేటలో కొన్నా కోదాడలో కొన్నా పావు కిలో పావు కిలోనే.

ఆ న్యాయం నిలబడాలంటే ముద్ర ఉండాలి. తూనికలు కొలతల శాఖ ఇనుప రాళ్ళను రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ కాటాను ఏడాదికోసారి పరీక్షించి ముద్ర వేయాలని నిబంధన. ఆ ముద్ర చూడటం కొనేవాళ్ళ హక్కు. వంద గ్రాములు కొనేవాళ్ళకు ఆ హక్కు మరీ అవసరం. కిలోలో ఐదు గ్రాములు తగ్గితే పెద్దగా తెలియదు, వందలో ఐదు తగ్గితే ఇరవయ్యో వంతు పోయినట్టే. చిన్న కొలతలు అమ్మే కొట్టుకు పెద్ద నిజాయితీ కావాలి. అది ఉన్న కొట్లను వీధి గుర్తుపెట్టుకుంటుంది. కాటా తూగాక ఇంకో నాలుగు గింజలు కొసరు వేసే చేతిని మూడు తరాలు చెప్పుకుంటుంది.

చిన్న పొట్లం, పెద్ద లెక్క

కొద్దికొద్దిగా కొనడం మన ఒక్కరి అలవాటు కాదు. ఫిలిప్పీన్స్‌లో వీధివీధికీ సారీసారీ అనే చిన్న కొట్లుంటాయి. ఒక్క వెల్లుల్లి గడ్డ, ఒక్క గుడ్డు, చిన్న కవరులో రెండు చెంచాల నూనె కూడా అమ్ముతారు. ఇలా విడివిడిగా అమ్మడానికి వాళ్ళ భాషలో ప్రత్యేకంగా తింగీ అన్న మాటే ఉంది. అక్కడా అరువుంటుంది, అక్కడా పుస్తకం ఉంటుంది. మన దేశంలో ఈ అవసరాన్ని కనిపెట్టి షాంపూను చిన్న సాషెలో పోసి అమ్మినవాళ్ళలో ముందువరసలో ఉన్నది తమిళనాడు కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. ఇప్పుడు మన కొట్టు గుమ్మానికి తోరణాల్లా వేలాడే సాషెల దండలు ఆ ఆలోచన సంతతే.

అయితే విడి పొట్లానికీ కంపెనీ ప్యాకెట్టుకూ ఒక తేడా ఉంది. గోతంలోంచి తీసి తూచే పప్పుకు కిలో ధర ఎంతో వంద గ్రాములకు అందులో పదో వంతే, లేదా రూపాయో రెండో ఎక్కువ. కంపెనీ చిన్న ప్యాకెట్టులో మాత్రం కవరు ఖర్చు, రవాణా, ప్రచారం అన్నీ ఆ ఐదు రూపాయల్లోనే ఉంటాయి. గ్రాము లెక్కన చూస్తే చాలా సరుకుల్లో చిన్న ప్యాకెట్టే ఖరీదు. పైగా ధర పెంచకుండా లోపలి బరువు తగ్గించడం కూడా జరుగుతుంది. ఐదు రూపాయల బిస్కెట్టు ప్యాకెట్టు ఏళ్ళ తరబడి ఐదు రూపాయలకే వచ్చింది, బిస్కెట్లు మాత్రం తగ్గుతూ వచ్చాయి.

పన్నులోనూ ఈ తేడా ఉంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం పన్ను పడుతోంది. గోతంలోంచి విడిగా తూచి ఇచ్చేవాటి మీద లేదు. అంటే విడి సరుకు అమ్మే పాత పద్ధతే పేద ఇంటికి ఇప్పటికీ రెండు రూపాయలు మిగులుస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు పాత స్టాకు ప్యాకెట్టు దగ్గర ఆగిపోకుండా కొనేవాళ్ళ దాకా చేరుతోందా అని అడగాల్సింది మనమే.

కందిచేల నడుమ మొజాంబిక్ పప్పు

జగ్గయ్యపేట పొలాల్లో పత్తి సాళ్ళ మధ్య కంది వేస్తారు. అదే ఊరి కొట్టులో ఉన్న కందిపప్పు మాత్రం ఆఫ్రికా నుంచి వచ్చి ఉండొచ్చు. మన దేశం పండించే కంది మనకే చాలదు. అందుకే మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచి తెప్పించుకుంటున్నాం. 2016లో మొజాంబిక్‌తో దీనికోసం ఒప్పందమే కుదిరింది. అక్కడ వాన తప్పితే ఇక్కడ పప్పుచారు పలచబడుతుంది.

నూనె సంగతి అంతకన్నా సూటిగా తెలిసింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, పొద్దుతిరుగుడు నూనె ఓడలు ఆగాయి. అదే ఏడు ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు నిలిపేసింది, మే 23న మళ్ళీ తెరిచింది. ఆ నెలల్లో లీటరు ప్యాకెట్టు ధర చూసి ఎన్ని ఇళ్ళు పోపు తగ్గించుకున్నాయో కొట్టు కాటాకే తెలుసు. అలాంటప్పుడు ధర పెంచిన మాట ముందుగా చెప్పేది కొట్టు ఆయనే, తిట్లు తినేదీ ఆయనే. నల్లసముద్రంలో ఓడ ఆగితే దాని సంజాయిషీ నందిగామ వీధిలో ఆయన చెప్పుకోవాల్సి వస్తుంది.

దారి మూసుకుపోయిన రోజులు

ఈ రెండు ఊళ్ళ బతుకు రహదారి మీద ఉంది. ఆ దారి ఆగిన రోజుల్లోనే వీధి కొట్టు విలువ తేటగా కనబడింది.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాద్‌లో హాస్టళ్ళు ఖాళీ చేసి ఊళ్ళకు బయలుదేరిన వాళ్ళు వేల సంఖ్యలో గరికపాడు దగ్గర ఆగిపోయారు. ఊళ్ళలో కొట్లు పొద్దుట కొద్ది గంటలే తెరిచేవారు. సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం నిలబడేవారు. కూలి ఆగిపోయిన ఇళ్ళకు ఆ వారాల్లో పప్పూ ఉప్పూ వచ్చింది ఖాతా మీదే.

2023 జూలై చివర మున్నేరు పొంగి నందిగామ పక్కన ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చింది. విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య రాకపోకలు ఆగాయి. ఏడాది తిరిగి 2024 సెప్టెంబర్ 1 వచ్చేసరికి మళ్ళీ అదే దృశ్యం. జగ్గయ్యపేట ప్రాంతాన్ని కుండపోత ముంచెత్తింది, వాగులన్నీ ఒక్కటయ్యాయి, లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. గొల్లపూడి నుంచి సరుకు కదలలేదు. ఫోనులో నొక్కితే ఇంటికొచ్చే సరుకు ఏదీ ఆ రోజుల్లో రాలేదు. వీధి కొట్టులో మిగిలి ఉన్న రెండు గోతాల బియ్యం, ఒక డబ్బా నూనె, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పిల్లల పాలపొడి, ఇవే ఆ వీధి నిల్వ. అలాంటప్పుడు మంచి కొట్టు ఒక్కరికే బస్తా ఎత్తదు. ఇంటికి రెండు కిలోల చొప్పున పంచుతుంది. రోజూ వందలూ పదులూ తూచిన చేతికి కొరతలో పంచడం కొత్తగా నేర్పక్కర్లేదు.

పెద్ద దుకాణం వచ్చాక

విజయవాడ వెళ్ళి నెల సరుకు ఒకేసారి తెచ్చుకునే ఇళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో చాలానే ఉన్నాయి. ధర తగ్గుతుంటే వెళ్ళడం తప్పు కాదు. రెండు కిలోల ప్యాకెట్టు మీద తగ్గింపు నిజమే. అయితే ఆ తగ్గింపు ముందు డబ్బు పెట్టగలిగినవాళ్ళకే దక్కుతుంది. బస్సు ఛార్జీ పెట్టుకోలేని ఇంటికి, నెల సరుకు దాచుకునే చోటు లేని ఒంటి గది ఇంటికి, వారం మధ్యలో జేబు ఖాళీ అయ్యే ఇంటికి దక్కదు. జీతాల ఇళ్ళన్నీ పెద్ద సరుకు బయటికి తీసుకెళ్ళి, ఉప్పు ప్యాకెట్టుకూ అరువుకూ మాత్రమే వీధి కొట్టుకు వస్తే ఆ కొట్టు ఎన్నాళ్ళో నిలబడదు. అది మూతపడిన రోజు జీతాల ఇంటికి పోయేది ఏమీ ఉండదు. రోజు కూలి ఇంటికి పది రూపాయలకు పప్పు తూచేవాళ్ళు ఉండరు.

కొట్లూ మారుతున్నాయి. గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అట్ట ఉంది, డబ్బు పడగానే చిన్న స్పీకరు పెట్టె తెలుగులో చెబుతోంది. 12 రూపాయలకు చిల్లర లేదనే మాట పోయింది, చిల్లరకు బదులు చాక్లెట్టు ఇచ్చే పద్ధతీ తగ్గింది. వాట్సాప్‌లో సరుకుల జాబితా పెడితే సాయంత్రానికి కట్టి ఉంచుతున్నారు. ఖాతా పుస్తకం ఫోనులోకి మారిన కొట్లూ ఉన్నాయి. ఎందులో రాసినా సరే, పేజీ ఇద్దరికీ కనబడితే చాలు.

కొట్టుకు వెళ్ళేటప్పుడు

కాటా సున్నా చూపించాకే సరుకు వేయమనండి. కాటా మీద ఈ ఏడాది ముద్ర ఉందో చూడండి.

ప్యాకెట్టు ధరతో పాటు బరువు చదవండి. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములుంటుంది. పక్కపక్కన ఉన్న రెండు ప్యాకెట్లలో ఒకటి 910, ఇంకొకటి 850 ఉంటే ధరలు ఊరికే పోల్చకూడదు.

నిబంధన ప్రకారం ప్యాకెట్టు మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలి. పోల్చుకోవడానికి అదే తేలిక దారి.

ముద్రించిన గరిష్ఠ ధర కన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ అడగకూడదు. తేడా వస్తే ముందు కొట్టులోనే అడగండి, తేలకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేయండి.

విడి పప్పులు కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని పురుగు, రాయి, తేమ చూడండి. నూనె వంటకాలు అచ్చు కాగితంలో కట్టించుకోకండి, డబ్బా తీసుకెళ్ళండి.

ఖాతా ఉంటే మీ ఇంట్లోనూ ఒక పుస్తకం పెట్టండి. నెలకోసారి రెండూ కలిపి చూడండి.

అడ్డగీత

మా నాయనమ్మ పోయాక ఆమె పెట్టెలో నూలు చీరల కింద ఆ పుస్తకం దొరికింది. నా చిన్ననాటి అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. కందిపప్పు అరవీశె అని ఆమె చెబితే, బళ్ళో నేర్చినట్టు గ్రాముల్లోకి మార్చి రాసుకున్నాను. ప్రతి పేజీకీ అడ్డంగా గీత ఉంది. కొట్టు ఆయన తన పుస్తకంలో గీత గీసి వచ్చిన రోజునే ఆమె నాచేత ఇందులోనూ గీయించేది. ఒక్క పేజీకి మాత్రం గీత లేదు. ఆ ఏడు మిరప తెగులుకు పోయింది. పక్క పేజీ మొదట్లో పాత బాకీ మొత్తం రాసి ఉంది, రెండేళ్ళ తర్వాతి తేదీతో అది తీరినట్టు ఉంది. ఆ రెండేళ్ళూ పద్దులు ఆగలేదు. ప్రతి వారం పప్పు ఉంది, ఉప్పు ఉంది, పండుగకు బెల్లం కూడా ఉంది.

పంట పోయిన ఇంటికి రెండేళ్ళు పప్పు తూచి ఇచ్చిన ఆ కొట్టు ఆయన ఏమీ రాసి పెట్టుకోలేదు, బాకీ తప్ప. తీసుకున్నవాళ్ళు మరిచిపోకుండా రెండేళ్ళ తర్వాతైనా వెళ్ళి కట్టారు. ఇచ్చే చెయ్యీ కట్టే చెయ్యీ రెండూ ఉన్నందుకే ఆ పుస్తకంలో గీతలున్నాయి. ఇవాళ మన వీధి కొట్టులో మన పేరుతో తెరిచి ఉన్న పేజీ ఏదైనా ఉంటే, ఈ ఆదివారం సంచి తీసుకుని వెళ్ళినప్పుడు ముందు ఆ గీత గీయించుకుని, తర్వాత సరుకు తూయించుకుందాం.